ల్యాప్‌టాప్ స్పీకర్లకు ఆంప్లిఫయరు ఎంపిక

బలహీనమైన ధ్వని సంకేతాన్ని స్పీకరును కదిలించగలిగినంతగా బలపరచే విద్యుత్ పరికరాన్ని ఆంప్లిఫయరు అంటారు. ఇదే పెట్టెలో రేడియో గ్రాహకాన్ని కూడా చేర్చినప్పుడు దానిని రిసీవరు అని పిలుస్తారు. ల్యాప్‌టాప్ కంప్యూటరు హెడ్‌ఫోన్ రంధ్రం నుండి వెలువడే సంకేతం గరిష్ఠంగా సుమారు ఒక వోల్టు ఉంటుంది. చెవికి ఆనించుకునే హెడ్‌ఫోన్‌కు కొన్ని మిల్లీవాట్ల సామర్థ్యం చాలు కనుక ఆ సంకేతం దానికి సరిపోతుంది. గదిలో పెట్టిన స్పీకరుకు మాత్రం వాట్లలో సామర్థ్యం కావాలి. ఈ అంతరాన్ని పూడ్చడమే ఆంప్లిఫయరు పని.

ఆంప్లిఫయరు కొనేవారు సాధారణంగా డబ్బాపై పెద్ద అక్షరాలతో ముద్రించిన వాట్ల సంఖ్యను చూసి నిర్ణయిస్తారు. నిజానికి ఎంపికను నిర్ణయించవలసినవి స్పీకరు సున్నితత్వం, దాని అవరోధం, వినేవారు కూర్చునే దూరం. ఈ మూడూ తెలిసిన తరువాత కావలసిన వాట్లను కాగితం మీద లెక్క కట్టవచ్చు. ఆ లెక్కలో వచ్చే సంఖ్య చాలా సందర్భాలలో ఆశ్చర్యకరంగా చిన్నదిగా ఉంటుంది.

ఆంప్లిఫయరు అవసరమా?

స్పీకర్లు రెండు రకాలు. లోపలే ఆంప్లిఫయరు అమర్చి, గోడ ప్లగ్గుకు తగిలించే విద్యుత్ తీగతో వచ్చేవి మొదటి రకం. కంప్యూటరు దుకాణాలలో అమ్మే 2.1 స్పీకర్లు, సంగీత స్టూడియోలలో వాడే మానిటరు స్పీకర్లు ఈ కోవకు చెందుతాయి. వీటికి వేరే ఆంప్లిఫయరు అక్కరలేదు. ల్యాప్‌టాప్ నుండి నేరుగా తీగ కలిపితే చాలు. వెనుక వైపు ఎరుపు, నలుపు రంగుల రెండు బిగింపులు మాత్రమే ఉండి, విద్యుత్ తీగ లేనివి రెండవ రకం. ఆంప్లిఫయరు కావలసినది వీటికే.

ఈ తేడా తెలియక మొదటి రకం స్పీకరు ఇన్‌పుట్‌కు మరొక ఆంప్లిఫయరు నుండి స్పీకరు తీగలను కలిపేవారు ఉన్నారు. ఒక వోల్టు కోసం నిర్మించిన ఇన్‌పుట్‌పై పది ఇరవై వోల్టులు పడి లోపలి భాగాలు కాలిపోయే అవకాశం ఉంది. ఇంట్లో పాత స్పీకర్లు ఏవీ లేనివారు, కొత్తగా అన్నీ కొనదలచినవారు మొదటి రకాన్ని పరిశీలించడం మేలు. ఆ స్పీకరుకు తగిన ఆంప్లిఫయరును తయారీదారే ఎంచి లోపల అమర్చి ఉంటాడు.

ఆంప్లిఫయర్ల చరిత్ర

1906లో అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ ఆడియాన్ అనే మూడు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించాడు. సంకేతాలను బలపరచడం దీనితోనే సాధ్యమయింది. 1927లో బెల్ ప్రయోగశాలలలో పనిచేస్తున్న హెరాల్డ్ బ్లాక్, అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరిగి ఇన్‌పుట్‌కు వ్యతిరేక దిశలో పంపి విరూపణను తగ్గించే పద్ధతిని కనుగొన్నాడు. ఈనాటి ఆంప్లిఫయర్లలో అధిక భాగం ఈ సూత్రం పైనే ఆధారపడి ఉన్నాయి. 1947లో అదే సంస్థలో ట్రాన్సిస్టరు పుట్టింది. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలలో ఇంటి ఆంప్లిఫయర్ల నుండి వాల్వులు చాలావరకు తొలగిపోయాయి.

ల్యాప్‌టాప్ వాడేవారికి ఎక్కువగా ఉపయోగపడిన మార్పు 2000ల దశకంలో వచ్చింది. ఆంప్లిఫయరు మొత్తాన్ని ఒక చిప్‌లో ఇమిడ్చిన ‘డి’ తరగతి పరికరాలు చౌకగా దొరకసాగాయి. అమెరికాకు చెందిన ట్రైపాత్ సంస్థ చిప్‌లతో తయారైన అరచేతి పరిమాణపు ఆంప్లిఫయర్లు అప్పట్లో శ్రోతల దృష్టిని ఆకర్షించాయి. ఆ సంస్థ 2007లో దివాలా తీసినా, అదే బాటలో ఇతర సంస్థల చిప్‌లు వచ్చాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.పి.ఎ. 3116 చిప్ ఇప్పుడు అమ్ముడయ్యే అనేక చిన్న ఆంప్లిఫయర్లలో కనిపిస్తుంది.

ఎన్ని వాట్లు కావాలి?

స్పీకరుకు ఒక వాట్ సామర్థ్యం ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల ధ్వని కలుగుతుందో తెలిపే సంఖ్యను ఆ స్పీకరు సున్నితత్వం అంటారు. ఇంటిలో వాడే సాధారణ స్పీకర్లకు ఇది సుమారు 82 నుండి 92 డెసిబెళ్ల మధ్య ఉంటుంది. స్పీకరు వెనుక అంటించిన చీటీపై గాని, దానితో వచ్చిన పుస్తకంలో గాని ఈ విలువ ఉంటుంది.

ఉదాహరణకు 87 డెసిబెళ్ల సున్నితత్వం గల రెండు స్పీకర్లను, రెండు మీటర్ల దూరంలో కూర్చుని వింటున్నారని అనుకుందాం. దూరం రెట్టింపయితే ధ్వని 6 డెసిబెళ్లు తగ్గుతుంది. రెండు స్పీకర్లు కలిసి మోగినందున 3 డెసిబెళ్లు పెరుగుతుంది. అనగా ఒక్కొక్క స్పీకరుకు ఒక వాట్ ఇస్తే శ్రోత వద్ద 84 డెసిబెళ్లు ఉంటుంది. గది గోడల నుండి పరావర్తనం చెంది వచ్చే ధ్వని దీనికి మరికొంత కలుస్తుంది. ఇంట్లో సాధారణంగా పాటలు వినే స్థాయి సగటున 70 నుండి 75 డెసిబెళ్లు. సామర్థ్యాన్ని పదో వంతుకు తగ్గిస్తే ధ్వని 10 డెసిబెళ్లు తగ్గుతుంది కనుక, 74 డెసిబెళ్లకు ఒక్కొక్క స్పీకరుకు పదో వంతు వాట్ చాలును.

అయితే సంగీతం అంతా ఒకే స్థాయిలో సాగదు. మృదంగం మీద దెబ్బ పడినప్పుడు, వాద్యబృందం ఒక్కసారిగా అందుకున్నప్పుడు సంకేతం సగటు కంటే 15 నుండి 20 డెసిబెళ్లు పైకి లేస్తుంది. 74కు 20 కలిపితే 94 డెసిబెళ్లు. దీనికి ఒక్కొక్క స్పీకరుకు 10 వాట్లు కావాలి. కాబట్టి ఈ ఉదాహరణలోని శ్రోతకు 20 వాట్ల ఆంప్లిఫయరు ఉంటే అవసరానికి మించి చేతిలో కొంత మిగిలినట్లే. అదే స్పీకరు సున్నితత్వం 82 డెసిబెళ్లయితే 32 వాట్లు, 92 అయితే సుమారు 3 వాట్లు అవసరమవుతాయి. ఆంప్లిఫయరు మీద ఎక్కువ ఖర్చు పెట్టడం కంటే సున్నితత్వం ఎక్కువగా గల స్పీకరును ఎంచుకోవడం లాభదాయకమని దీనివలన తెలుస్తుంది.

సామర్థ్యం రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. 25 వాట్ల పరికరానికి బదులు 50 వాట్లది కొన్నవారికి వినిపించే తేడా స్వల్పం. ధ్వని రెండింతలు పెరిగినట్లు చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెళ్లు, అనగా పది రెట్ల సామర్థ్యం కావాలి. 25 వాట్ల నుండి 250 వాట్లకు వెళ్లాలన్నమాట.

సున్నితత్వం విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. కొందరు తయారీదారులు ఒక వాట్ వద్ద కాక 2.83 వోల్టుల వద్ద కొలిచిన విలువను ఇస్తారు. 8 ఓముల స్పీకరుకు 2.83 వోల్టులు ఇస్తే సరిగ్గా ఒక వాట్ అవుతుంది. 4 ఓముల స్పీకరుకైతే రెండు వాట్లవుతుంది. అందుచేత 4 ఓముల స్పీకరు పక్కన 2.83 వోల్టుల విలువ ఉన్నట్లయితే, పై లెక్కకు వాడే ముందు దానిలోనుండి 3 డెసిబెళ్లు తీసివేయాలి.

డబ్బాపై ముద్రించే సంఖ్యలు

1990లలో భారతదేశంలో అమ్మిన టూ-ఇన్-వన్‌లపై, కంప్యూటరు స్పీకర్లపై వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు పి.ఎం.పి.ఒ. అని రాసి ఉండేది. ఇది అత్యల్ప వ్యవధిలో వెలువడే శిఖర సామర్థ్యమని చెప్పుకునేవారు. దీనిని కొలిచే పద్ధతికి ప్రామాణిక నిర్వచనం ఏదీ లేదు కనుక ఎంత అని రాసినా అడిగేవారు ఉండరు. కొనుగోలుదారు చూడవలసినది నిరంతరంగా ఇవ్వగల సామర్థ్యం. వాడుకలో దీనిని ఆర్.ఎం.ఎస్. వాట్లు అంటారు. అమెరికాలో ఇటువంటి ప్రకటనలను అదుపు చేయడానికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఆంప్లిఫయర్ల సామర్థ్య ప్రకటనపై ప్రత్యేక నిబంధన తెచ్చింది. 2024లో దానిని సవరించి కొలత షరతులను ఏకరీతిగా చేసింది.

ఆర్.ఎం.ఎస్. అని రాసినంత మాత్రాన సందేహం తీరదు. ఎన్ని ఓములకు, ఎంత విరూపణతో, ఎన్ని ఛానళ్లు ఒకేసారి పనిచేస్తుండగా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. 10 శాతం విరూపణ వద్ద కొలిచిన 50 వాట్లు, ఒక శాతం లోపు విరూపణ వద్ద 40 వాట్లకు కాస్త అటు ఇటుగా మిగులుతాయి. 10 శాతం విరూపణ అంటే పాట బొంగురుపోయి వినిపించే స్థితి.

అడాప్టరుతో నడిచే చిన్న ఆంప్లిఫయర్ల విషయంలో డబ్బాపై రాతను విద్యార్థులు సైతం పరీక్షించవచ్చు. అడాప్టరు ఇచ్చే వోల్టేజి వర్గాన్ని స్పీకరు అవరోధానికి రెట్టింపుతో భాగిస్తే ఒక ఛానల్‌కు రాగల గరిష్ఠ సామర్థ్యం వస్తుంది. 12 వోల్టుల అడాప్టరు, 8 ఓముల స్పీకరు అయితే 144ను 16తో భాగించగా 9 వాట్లు. 4 ఓముల స్పీకరుకు 18 వాట్లు. 24 వోల్టుల అడాప్టరుతో 8 ఓములకు 36 వాట్లు. విరూపణ లేకుండా ఇంతకు మించి రావడం ఈ రకం చిప్‌లకు సాధ్యం కాదు. రెండవ పరీక్ష ఇంకా సులభం. అడాప్టరు మీద 12 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే అది ఇవ్వగలిగినది మొత్తం 60 వాట్లు. దాని నుండి రెండు ఛానళ్లకు చెరొక 100 వాట్లు నిరంతరంగా ఎలా వస్తాయో డబ్బా మీద రాసినవారే చెప్పాలి. చాలా సందర్భాలలో ఆంప్లిఫయరును మార్చనక్కర లేకుండా, చిప్ పరిమితికి లోబడి, సరైన అడాప్టరును కొంటే సామర్థ్యం పెరుగుతుంది.

స్పీకరుపై ఉండే వాట్లకు అర్థం వేరు. 100 వాట్లు అని రాసి ఉన్న స్పీకరు పాడవకుండా అంతవరకు తట్టుకోగలదని అర్థం, దానికి అంత ఇవ్వాలని కాదు. అలాగని చిన్న ఆంప్లిఫయరు స్పీకరుకు ఎప్పుడూ క్షేమకరమని అనుకోరాదు. శక్తికి మించి పెంచినప్పుడు ఆంప్లిఫయరు తరంగ శిఖరాలను కత్తిరించివేస్తుంది. అప్పుడు సగటు సామర్థ్యం పెరిగి, హెచ్చు పౌనఃపున్యాలను పలికే చిన్న స్పీకరైన ట్వీటరు కాలిపోవచ్చు. ధ్వని గీర పోతున్నట్లు వినిపించగానే తగ్గించడమే దీనికి మందు.

అవరోధం

స్పీకరు వెనుక 4, 6 లేదా 8 ఓములని రాసి ఉంటుంది. ఈ సంఖ్య తగ్గే కొద్దీ ఆంప్లిఫయరు నుండి స్పీకరు లాగే విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది. కనీసం 6 ఓములు ఉండాలని రాసిన ఆంప్లిఫయరుకు 4 ఓముల స్పీకరు తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోవచ్చు, లేదా చెడిపోవచ్చు. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా ఒకే బిగింపుకు కలిపితే ఫలితం 4 ఓములు. శ్రేణిలో కలిపితే 16 ఓములు. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోని నిరోధాల లెక్కే ఇది.

పెళ్లిళ్లకు, ఉత్సవాలకు అద్దెకిచ్చే మైకు సెట్ల ఆంప్లిఫయర్లను ఇంట్లో వాడదలచేవారు వెనుకనున్న 70 వోల్టు, 100 వోల్టు బిగింపులను ముట్టరాదు. అవి దూరంగా చెట్లకు, స్తంభాలకు కట్టే హారన్ల కోసం ఉద్దేశించినవి. ట్రాన్స్‌ఫార్మరు లేని ఇంటి స్పీకరును వాటికి తగిలిస్తే నిలవదు. అటువంటి పరికరాలలో చాలావాటికి 4, 8, 16 ఓముల బిగింపులు విడిగా ఉంటాయి. ఇంటి స్పీకరును తన ఓములకు సరిపడే బిగింపుకే కలపాలి.

స్పీకరు తీగల గురించి వ్యాపార ప్రకటనలు ఎక్కువ, అవసరం తక్కువ. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయిదు మీటర్ల దూరానికి పోను రాను కలిపి 0.12 ఓముల నిరోధమే చూపుతుంది. 8 ఓముల ముందు అది లెక్కలోకి రాదు. ఇంటి వైరింగుకు వాడే తీగ చాలు.

తరగతులు

ఆంప్లిఫయర్లను పనిచేసే విధానాన్ని బట్టి ఎ, ఎబి, డి మొదలైన తరగతులుగా విభజిస్తారు. ‘ఎ’ తరగతిలో పాట ఉన్నా లేకున్నా విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది కనుక అది ఎక్కువగా వేడెక్కుతుంది. ఇళ్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ‘ఎబి’ తరగతి అంతకంటే పొదుపరి. ‘డి’ తరగతిలో ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని లక్షల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆ స్పందనల వెడల్పులో ధ్వని సమాచారం ఇమిడి ఉంటుంది. చివరనున్న తీగచుట్ట, కెపాసిటరు కలిసి దానిని మళ్లీ ధ్వని తరంగంగా మారుస్తాయి. వీటి దక్షత 90 శాతం వరకు ఉంటుంది. ‘డి’ అంటే డిజిటల్ అని చాలామంది భావిస్తారు గాని అది వరుసలో వచ్చిన అక్షరం మాత్రమే.

వేసవిలో 40 డిగ్రీలు దాటే కోస్తా, తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో ‘ఎబి’ తరగతి పరికరాన్ని మూసిన అలమరలో ఉంచరాదు. పైన, పక్కల గాలి ఆడే స్థలం విడవాలి. పైన గల రంధ్రాలను బల్లులు, చీమలు ఆశ్రయించడం కూడా మరమ్మతు చేసేవారికి తెలిసిన విషయమే. విద్యుత్ కోత సమయంలో చతురస్ర తరంగాన్ని ఇచ్చే ఇన్వర్టరుపై నడిపినప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు గల ఆంప్లిఫయర్ల నుండి గరగరమనే శబ్దం వస్తుంది. అడాప్టరుతో నడిచే ‘డి’ తరగతి పరికరాలకు ఈ ఇబ్బంది తక్కువ.

ల్యాప్‌టాప్‌తో అనుసంధానం

కంప్యూటరులో పాట అంకెల రూపంలో ఉంటుంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్క్ ప్రమాణం ప్రకారం ఒక్కొక్క ఛానల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు. ఈ అంకెలను తరంగంగా మార్చే భాగాన్ని డాక్ అంటారు. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఇది ఉంటుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం: ఒక చివర 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు, మరొక చివర ఎరుపు, తెలుపు ఆర్.సి.ఎ. ప్లగ్గులు గల తీగ సరిపోతుంది. అన్నిటిలో చౌకైన మార్గం ఇదే. కంప్యూటరులోని ధ్వని స్థాయిని దాదాపు పూర్తిగా పెంచి, ఆంప్లిఫయరు మీటతో కావలసినంతకు తగ్గించుకోవాలి. దీనికి విరుద్ధంగా చేస్తే ఆంప్లిఫయరు సంకేతంతోపాటు ల్యాప్‌టాప్‌లోని రొదను కూడా పెంచుతుంది. మామూలు ఆంప్లిఫయరు వోల్టేజిని సుమారు 20 రెట్లు పెంచుతుంది. ల్యాప్‌టాప్ ఒక వోల్టు ఇస్తే 20 వోల్టులు, అనగా 8 ఓముల స్పీకరుకు 50 వాట్లు. కొన్ని ల్యాప్‌టాప్‌ల వలె అర వోల్టే ఇస్తే 12.5 వాట్లు మాత్రమే వస్తాయి. ఆంప్లిఫయరులో దమ్ము లేదని తోచినప్పుడు లోపం అటువైపే ఉండవచ్చు.

యు.ఎస్.బి.: డాక్ లోపలే ఉన్న ఆంప్లిఫయర్లను ఈ తీగతో కలపవచ్చు. విడిగా చిన్న యు.ఎస్.బి. డాక్ కొని మామూలు ఆంప్లిఫయరుకు తగిలించవచ్చు కూడా. హెడ్‌ఫోన్ రంధ్రం నుండి కీచుమనే రొద వస్తున్నవారికి, ఆ రంధ్రం వదులై పోయినవారికి ఇది ఉపయోగకరం. రొద ఏమీ లేనివారు డాక్ కోసం విడిగా ఖర్చు చేయడం వలన పెద్దగా ఒరిగేది ఉండదు.

బ్లూటూత్: తీగ బెడద లేదు. ధ్వనిని కుదించి పంపుతుంది కనుక కొంత సమాచారం నష్టమవుతుంది. సాధారణ శ్రోత దీనిని గుర్తించడం కష్టం. ధ్వని కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది. పాటలకు ఇబ్బంది లేదు గాని, కీబోర్డు మీద సంగీతం సాధన చేసేవారికి, ఆటలు ఆడేవారికి ఈ ఆలస్యం తెలిసిపోతుంది.

ఇవి కాక, ఎ.వి. రిసీవర్లకు హెచ్.డి.ఎమ్.ఐ. తీగ ద్వారా కలపవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్ ఆ రిసీవరును రెండవ తెరగా భావిస్తుంది. పాట వినిపించకపోతే కంప్యూటరులో ధ్వని వెలువడే పరికరంగా దానిని ఎంచుకోవాలి.

రిసీవర్లు

రిసీవర్లలో రెండు ఛానళ్ల స్టీరియో రిసీవర్లు, అయిదు లేదా అంతకు మించి ఛానళ్లు గల ఎ.వి. రిసీవర్లు ఉన్నాయి. రెండు స్పీకర్లతో పాటలు మాత్రమే వినేవారికి ఎ.వి. రిసీవరు వలన ప్రయోజనం తక్కువ. అదే ధరలో అయిదు ఏడు ఛానళ్లకు డబ్బు పంచవలసి రావడం వలన ఒక్కొక్క ఛానల్‌పై పెట్టిన వ్యయం తగ్గుతుంది. ప్రకటించిన వాట్లు తరచు ఒకటి రెండు ఛానళ్లు మాత్రమే పనిచేస్తుండగా కొలిచినవై ఉంటాయి. చలనచిత్రాలను చుట్టూ స్పీకర్లు పెట్టి చూసేవారికి మాత్రం ఇదే సరైనది. తక్కువ పౌనఃపున్యాలను పలికే సబ్ వూఫరుకు వేరే అవుట్‌పుట్ ఉండడం, గదిని బట్టి ధ్వనిని సరిచేసే ఏర్పాటు ఉండడం దీనికి అదనపు ప్రయోజనాలు.

పాత తెలుగు చలనచిత్ర గీతాలలో అధిక భాగం ఒకే ఛానల్‌లో ముద్రించబడినవి. ఘంటసాల, పి. సుశీల పాటలను ఎ.వి. రిసీవరులోని సరౌండ్ పద్ధతిలో వింటే గొంతు మధ్య స్పీకరులోకి పోయి మిగిలినవి మూగబోతాయి, లేదా లేని ప్రతిధ్వని వచ్చి చేరుతుంది. స్టీరియో పద్ధతికి మార్చి రెండు స్పీకర్లలో వినడమే వాటికి తగినది.

మోత, ఎర్తింగు

ల్యాప్‌టాప్‌ను ఆంప్లిఫయరుకు కలపగానే స్పీకర్ల నుండి గుయ్‌మని మోత రావడం తరచుగా ఎదురయ్యే సమస్య. చార్జరు మూడవ పిన్ను, ఆంప్లిఫయరు మూడవ పిన్ను రెండూ ఇంటి ఎర్తుకు చేరి ఉంటాయి. ధ్వని తీగపై ఉండే అల్లిక ఆ రెండు పరికరాలను మరొకసారి కలుపుతుంది. ఇలా ఏర్పడిన వలయంలో స్వల్ప విద్యుత్తు ప్రవహించి, 50 హెర్ట్‌జ్‌ల మోతగా, దాని గుణిజాలుగా వినిపిస్తుంది. దీనిని గుర్తించడానికి చార్జరును తీసివేసి బ్యాటరీపై నడపాలి. మోత ఆగిపోతే కారణం ఈ వలయమే.

రెండు పరికరాలను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే ధ్వని తీగ మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరును చేర్చవచ్చు. బ్లూటూత్ ద్వారా గాని, కాంతి తీగ ద్వారా గాని కలిపితే లోహ సంబంధమే ఉండదు కనుక వలయం ఏర్పడదు.

మోత పోగొట్టడానికి ఆంప్లిఫయరు ప్లగ్గులోని లావుపాటి ఎర్తు పిన్నును విరిచివేయడం, దానిలోని ఆకుపచ్చ తీగను కత్తిరించడం కొందరు సలహా ఇచ్చే ఉపాయం. మోత నిజంగానే ఆగుతుంది. కానీ ఇది ప్రాణాంతకం. లోపలి తీగ ఎప్పుడైనా ఊడి లోహపు పెట్టెకు తగిలితే, ఎర్తు ఉన్నప్పుడు ఫ్యూజు ఎగిరిపోతుంది. లేనప్పుడు పెట్టె 230 వోల్టులతో నిలిచి, ముట్టుకున్నవారి శరీరం ద్వారా భూమికి దారి వెతుక్కుంటుంది. ధ్వని తీగ ద్వారా ఆ వోల్టేజి ల్యాప్‌టాప్‌కు, దానిపై చేతులు ఆనించి కూర్చున్న వ్యక్తికి కూడా చేరగలదు. ఎర్తు పిన్ను గల ఏ పరికరానికీ దానిని తొలగించరాదు.

కొన్ని పాత ఇళ్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా మూడవ దానికి తీగ కలిపి ఉండదు. లోహపు ల్యాప్‌టాప్‌ను చార్జరు తగిలించి తాకినప్పుడు వేళ్లకు జివ్వుమన్నట్లు ఉంటే ఈ అనుమానం రావాలి. రెండు పిన్నుల చార్జర్లతో కూడా ఇలా అనిపించవచ్చు. చార్జరు లోపలి చిన్న కెపాసిటరు ద్వారా వచ్చే స్వల్ప ప్రవాహం దానికి కారణం. మూడు పిన్నుల చార్జరుతోనూ జివ్వుమంటే ఎలక్ట్రీషియను చేత ఎర్తింగు పరీక్ష చేయించిన తరువాతనే ఆంప్లిఫయరు మాట తలపెట్టాలి.

విదేశాల నుండి తెచ్చిన పరికరాలు

అమెరికాలో నివసించే తెలుగువారు స్వదేశానికి వస్తూ అక్కడ వాడిన రిసీవరును వెంట తెచ్చుకోవడం, బంధువులకు ఇవ్వడం కద్దు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్‌లు. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లు. ల్యాప్‌టాప్ చార్జర్లు 100 నుండి 240 వోల్టుల వరకు దేనితోనైనా పనిచేస్తాయి కనుక రిసీవరు కూడా అలాగే పనిచేస్తుందని భావించి, ప్లగ్గు మార్చి పెట్టడం వలన అనేకం మొదటి నిమిషంలోనే కాలిపోతాయి. వెనుక పలకపై 120 వోల్టులు అని మాత్రమే ఉంటే వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. పలకపై ఉన్న వినియోగపు వాట్ల కంటే దాని పరిమాణం ఎక్కువగా ఉండాలి. 60 హెర్ట్‌జ్‌లకు చేసిన పరికరం 50 హెర్ట్‌జ్‌ల వద్ద కొద్దిగా ఎక్కువ వేడెక్కడం సహజం.

అటువంటి రిసీవర్లలోని ఎఫ్.ఎం. రేడియో కూడా ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అమెరికాలో ఎఫ్.ఎం. కేంద్రాలు 102.7, 102.9 ఇలా బేసి దశాంశాలలోనే ఉంటాయి. అక్కడి రిసీవర్లు అనేకం ఆ మెట్లలోనే జరుగుతాయి. హైదరాబాదు వివిధ భారతి 102.8 మెగాహెర్ట్‌జ్‌లపై ప్రసారమవుతుంది గనుక రెండు మెట్ల మధ్యన పడి సరిగా అందదు. కొన్నిటిలో మెట్టు పరిమాణం మార్చే వీలుంటుంది. దానితో వచ్చిన పుస్తకం చూడాలి.

వినికిడి భద్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సురక్షిత శ్రవణ ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్ల వరకు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ఆ సమయం సగానికి తగ్గుతుంది. 90 డెసిబెళ్ల వద్ద అది వారానికి సుమారు నాలుగు గంటలే. పైన లెక్క కట్టిన 20 వాట్ల ఆంప్లిఫయరు చిన్న గదిలో ఈ హద్దును సులభంగా దాటించగలదు. వసతి గృహాలలో పరీక్షలకు చదివే పక్క గది విద్యార్థుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కొనేముందు పరీక్ష

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి బజారులలో సంస్థల పేరున్న పరికరాలతోపాటు స్థానికంగా అమర్చిన ఆంప్లిఫయర్లు, వాడినవి కూడా లభిస్తాయి. తన ల్యాప్‌టాప్‌ను, బాగా పరిచయమైన రెండు మూడు పాటలను వెంట తీసుకువెళ్లడం మంచిది. పాట లేకుండా ధ్వని మీటను సగం వరకు తిప్పి, స్పీకరుకు చెవి ఆనించి వినాలి. అడుగు దూరం నుండి కూడా రొద వినిపిస్తే ఆ పరికరాన్ని వదిలివేయవచ్చు. వాడిన పరికరమైతే మీట తిప్పుతున్నప్పుడు కరకరలు వస్తున్నాయా, ఎడమ కుడి ఛానళ్లు రెండూ సమంగా మోగుతున్నాయా, స్విచ్చి వేసిన కొన్ని సెకన్లకు లోపలి రిలే టిక్కుమని తగులుకుంటున్నదా చూడాలి. మీట కరకరలు శుభ్రం చేస్తే పోతాయి. ఒక ఛానల్ వేడెక్కిన తరువాత ఆగిపోతుంటే మరమ్మతు ఖర్చు పరికరం ధరను మించవచ్చు. కనుక కనీసం పావుగంట సేపు మోగించి చూసిన తరువాతనే సొమ్ము చెల్లించడం మంచిది.